జేబులో ఇమిడిన సాక్షి



గిడియన్లు బడుల్లోనూ ఆసుపత్రుల్లోనూ పంచిపెట్టే జేబు కొత్త నిబంధన మీలో చాలామంది చూసే ఉంటారు. ఈ నెల మనం చెప్పుకోబోయే వస్తువు మూసి ఉన్నప్పుడు ఇంచుమించు అంతే పొడవు. వెడల్పు కాస్త తక్కువ, మందం కాస్త ఎక్కువ. కొలత కావాలంటే నాలుగు ముప్పావు అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాలకు కొంచెం తక్కువ వెడల్పు, ఒక అంగుళం మందం. నల్లని రేకు పెట్టె. దాని ముందు పలకను రెండు వేళ్లతో పట్టుకుని లాగితే ఇరుపక్కలా ఇనుప పట్టీలు కత్తెరలా విచ్చుకుంటాయి. దుకాణాల ముందు లాగి మూసే ఇనుప మడత గేటు ఉంటుంది చూడండి, అచ్చం ఆ పద్ధతే. ఆ పట్టీల మధ్య నుండి మడతలు మడతలుగా నల్లని తోలు తిత్తి బయటికి వస్తుంది. గుడిలో హార్మోనియం వాయించేవారికి ఆ తిత్తి సంగతి మేము వర్ణించి చెప్పనక్కర్లేదు. హార్మోనియం తిత్తిలో ఉండేది గాలి, దీనిలో ఉండేది చీకటి. తేడా అంతే.

దీని పేరు వెస్ట్ పాకెట్ కొడాక్. వెస్ట్ అంటే ఇక్కడ పడమర దిక్కు కాదు. దొరలు కోటు లోపల వేసుకునే చేతులు లేని చిన్న కోటు. ఆ కోటు జేబులో పట్టే కెమెరా అని అర్థం. అమెరికాలో రాచెస్టరు పట్టణంలోని ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ 1912లో దీన్ని బజారులో పెట్టింది. వెల 6 డాలర్లు. 1926 వరకు ఏదో ఒక మార్పుతో చేస్తూ వచ్చారు. పది లక్షలకు ఎంతో మించి అమ్ముడుపోయాయి.

నేడు ఫోను లేని జేబు లేదు, కెమెరా లేని ఫోను లేదు. కనుక జేబులో కెమెరా అంటే పిల్లలకు వింతగా తోచదు. కాని మన తాతల కాలంలో ఫోటో అంటే ఏమిటో ఒకసారి తలచుకోవాలి. మూడు కాళ్ల మీద నిలబెట్టిన పెద్ద పెట్టె, గాజు పలకలు, ఫోటోగ్రాఫరు తల మీద కప్పుకునే నల్లగుడ్డ. మనమే స్టూడియోకు వెళ్లాలి. కుర్చీలో పెద్దాయన, పక్కన నిలబడి పెద్దమ్మ, వెనక తెర మీద రంగుల తోట. ఊపిరి బిగబట్టుకుని కదలకుండా ఉండాలి. నవ్వితే చెదిరిపోతుందని ఎవరూ నవ్వేవారు కాదు. అందుకే పాత ఫోటోల్లో పెద్దవాళ్లందరూ కోపంగా ఉన్నట్టు కనబడతారు. నిజానికి వాళ్లలో సరదా మనుషులు ఎందరో.

జార్జి ఈస్ట్‌మన్ అనే ఆయన గాజు పలకల స్థానంలో చుట్టలుగా చుట్టే ఫిల్మును వాడుకలోకి తెచ్చి, 1888లో మొదటి కొడాక్ కెమెరాను అమ్మాడు. అది చేతిలో పట్టుకునే పెట్టె. జేబులో పట్టేది కాదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. లెన్సుకూ ఫిల్ముకూ మధ్య కొంత దూరం తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే బొమ్మ స్పష్టంగా పడదు. బొమ్మ పెద్దది కావాలంటే ఆ దూరం ఇంకా పెరగాలి. అంటే కెమెరాలో ఎక్కువ భాగం వట్టి ఖాళీయే. ఆ ఖాళీని జేబులో మోయలేము గాని, మడవగలం. ఈ ఆలోచనతోనే 1890ల చివర మడిచే జేబు కొడాకులు వచ్చాయి. 1903లో వచ్చిన ఒక పెద్ద రకం సరిగ్గా పోస్టు కార్డంత బొమ్మ తీసేది. దాన్ని కార్డు మీదనే అచ్చువేసి, వెనక చిరునామా రాసి, స్టాంపు అంటించి పంపేవారు. అమెరికా పల్లెల్లో కొత్త ఇల్లు, పుట్టిన బిడ్డ, చనిపోయిన గుర్రం, అన్నీ అలా టపాలో తిరిగాయి. ఆ కెమెరా జేబుకు మాత్రం చాలా పెద్దది. జేబు కెమెరా అన్న పేరుకు నిజంగా తగినది 1912 నాటి ఈ చిన్నదే.

దీన్ని వాడే తీరు చెబుతాం. వెనక పక్క చిన్న ఎర్ర గాజు కిటికీ ఉంటుంది. ఫిల్ము వెనక అతికించిన నల్ల కాగితం మీద 1, 2, 3 అని అంకెలు అచ్చువేసి ఉంటాయి. మర తిప్పుతూ ఆ కిటికీలో అంకె కనబడగానే ఆపాలి. కిటికీకి ఎరుపే ఎందుకంటే, ఆ కాలపు ఫిల్ముకు ఎర్రని వెలుతురు దాదాపు తెలిసేది కాదు. మొత్తం 8 బొమ్మలు. ఒక్కొక్క నెగెటివు రెండున్నర అంగుళాలకు ఒకటిన్నర అంగుళం పైచిలుకు. షట్టరుకు రెండే వేగాలు, సెకనులో 25వ వంతు, 50వ వంతు. లెన్సు పక్కన రూపాయి బిళ్లకన్నా చిన్నదైన అద్దం ఒకటి ఉంటుంది. కెమెరాను రొమ్ముకు ఆనించి పట్టుకుని, తల వంచి ఆ అద్దంలోకి చూసి మీట నొక్కాలి. ఇప్పటిలా ఎదుటివారి ముఖానికి గురిపెట్టడం కాదు. ప్రార్థన చేసుకుంటున్న మనిషిలా తల దించుకుని ఫోటో తీసేవారన్నమాట.

నిజం చెప్పాలంటే ఈ కెమెరా ఫోటోలు గొప్పగా వచ్చేవి కావు. ఎండ బాగా ఉండాలి, చేయి వణకకూడదు. అంచులు మెత్తబడిపోయేవి. స్టూడియో ఫోటో పక్కన పెడితే దీనిది పేద చుట్టం వాలకం. కాని స్టూడియో కెమెరా వెళ్లలేని చోటికి ఇది వెళ్లింది. వెళ్లకూడదన్న చోటికి కూడా వెళ్లింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఫ్రాన్సుకు, బెల్జియానికి వెళ్లిన బ్రిటిషు సైనికులు, అధికారులు చాలామంది ఈ చిన్న కెమెరాను వెంట తీసుకెళ్లారు. దీనికి సైనికుల కొడాక్ అనే పేరు పడిపోయింది. కంపెనీవారు కూడా ప్రకటనల్లో ఆ మాటనే వాడుకున్నారు. మొదట్లో వాళ్లు తీసినవన్నీ మామూలు బొమ్మలే. గోతుల్లో టీ కాచుకోవడం, బురదలో దిగబడిన బళ్లు, బూట్లు ఆరబెట్టుకోవడం. ఇంటికి పంపితే అమ్మ చూసి, బిడ్డ బాగానే ఉన్నాడని అనుకునే రకం.

ఆ సంవత్సరం క్రిస్మసు వచ్చింది. డిసెంబరు 24 రాత్రి, 25 పగలు, పడమటి యుద్ధరంగంలో అనేక చోట్ల బ్రిటిషువారు, జర్మనులు తుపాకులు పక్కన పెట్టి గోతులలో నుండి లేచి వచ్చారు. ఇరుపక్షాల నడుమనున్న పొలాల్లో కలుసుకుని చేతులు కలిపారు. పొగాకు, బొత్తాలు, తినుబండారాలు ఇచ్చిపుచ్చుకున్నారు. అక్కడే పడి ఉన్న తమ తమ మృతులను పూడ్చిపెట్టుకున్నారు. ఎవరి ఉత్తర్వూ లేకుండా జరిగిన సంగతి ఇది. అధికారులు దీన్ని దాచాలనుకున్నా, పుకారని కొట్టిపారెయ్యాలనుకున్నా వీలుపడలేదు. ఎందుకంటే కొందరి జేబుల్లో కెమెరాలున్నాయి. బెల్జియంలో ప్లగ్‌స్టీర్టు అడవి దగ్గర ఒక లండను పటాలపు యువకుడు తన జేబు కెమెరాతో తీసిన ఫోటోలో జర్మను టోపీలు, బ్రిటిషు టోపీలు కలగలిసి పక్కపక్కనే కనబడతాయి. 1915 జనవరి 8న లండను పత్రిక డైలీ మిర్రర్ మొదటి పేజీ మీద ఆ బొమ్మ వచ్చింది. మొన్నటిదాకా రాక్షసులని చదువుకున్న జర్మనులు, కొడుకు పక్కన నిలబడి చలికి భుజాలు ముడుచుకున్న మామూలు కుర్రవాళ్లుగా ఇంగ్లండులోని తల్లులకు కనబడ్డారు.

సైన్యానికి ఇది నచ్చలేదు. యుద్ధరంగంలో సొంత కెమెరాలు ఉంచుకోరాదని 1914 చివరనే ఉత్తర్వు వచ్చింది. 1915లో దాన్ని మరింత గట్టిగా అమలు పెట్టారు. శత్రువు చేతికి రహస్యాలు పోతాయన్నది చెప్పిన కారణం. అందులో నిజం లేకపోలేదు. కాని క్రిస్మసు ఫోటోలో ఏ రహస్యం ఉందో మాకు తెలియడం లేదు. నిషేధం ఒక పక్క ఉండగానే బ్రిటనులో ఈ కెమెరా అమ్మకాలు ఇంకా పెరగడం విశేషం. సైనికులు దాచుకున్నారు. వెస్ట్ జేబు దానికి సరిగ్గా సరిపోయింది.

ఈ కెమెరాకు సంబంధించి మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి మరొకటి. 1914లో ఈస్ట్‌మన్ గారు హెన్రీ గైస్మన్ అనే ఒక ఆవిష్కర్త దగ్గర ఒక ఉపాయాన్ని కొన్నాడు. ఇచ్చిన సొమ్ము 3 లక్షల డాలర్లు. 6 డాలర్ల కెమెరాలు అమ్మే మనిషి అంత సొమ్ము దేనికి పోశాడు? ఫోటో మీద పేరు రాయడానికి!

కెమెరా వెనక సన్నని తలుపు ఒకటి ఉంటుంది. ఫోటో తీసిన వెంటనే ఆ తలుపు తెరిచి, కెమెరాకే తగిలించి ఉన్న చిన్న లోహపు పుల్లతో ఫిల్ము వెనక కాగితం మీద ఏమైనా రాయవచ్చు. కాగితానికీ ఫిల్ముకూ మధ్య కార్బను కాగితం వంటి పలుచని పొర ఉంటుంది. పుల్ల ఒత్తిన చోట ఆ పొర వెలుతురును లోపలికి రానిస్తుంది. రాసిన తర్వాత తలుపు తెరిచే ఉంచి కొన్ని క్షణాలు ఆకాశం వైపు చూపించాలి. రీలు కడిగాక రెండు బొమ్మల మధ్య అంచులో మన చేతిరాత తేలుతుంది. తేదీ, ఊరు, పిల్లవాడి పేరు, వయసు, ఏది రాస్తే అది. 1932 దాకా ఈ రకపు ఫిల్ము దొరికింది. అయితే చాలామంది ఆ తలుపు తెరిచిన పాపాన పోలేదు. కెమెరాలు అమ్ముడుపోయాయి, పుల్లలు అలాగే మెరుస్తూ మిగిలాయి.

దీనికి వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మన ఇళ్ల సంగతే చూడండి. పెళ్లికి పెట్టిన స్టీలు గిన్నెలన్నిటి మీదా పేరు చెక్కిస్తాం. బిందె మీద, పళ్లెం మీద, ఆఖరికి గరిటె మీద కూడా పేరు, తేదీ ఉంటాయి. ట్రంకు పెట్టె అడుగున ఉన్న ఫోటో వెనక మాత్రం ఏమీ ఉండదు. ఈ కూర్చున్నదెవరమ్మా అంటే, మీ తాతగారి చిన్నాన్న గారో, లేక ఆయన బావమరిదో, అమ్మమ్మ ఉంటే చెప్పేది అంటారు. అమ్మమ్మ లేదు. అంతే, ఆ మనిషి అక్కడితో ఎవరూ కాకుండా పోయాడు. గరిటె ఎవరిదో మాత్రం స్పష్టంగా తెలుస్తోంది.

పాత కెమెరా ఏదైనా ఇంట్లో దొరికితే ఏం చేయాలని కొందరు పాఠకులు అడుగుతుంటారు. కనుక రెండు మాటలు. తడిగుడ్డతో తుడవకండి, తిత్తి మెత్తబడి మడతల దగ్గర విరుగుతుంది. పొడి మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. పలకను బలవంతంగా లాగవద్దు, ఇనుప పట్టీలు వంకరపోతే తిరిగి మూసుకోదు. తిత్తికి చిల్లులున్నాయో లేదో చూడాలంటే, రీలు లేదని రూఢి చేసుకున్నాక, చీకటి గదిలో లోపల చిన్న టార్చి దీపం పెట్టి బయట నుండి చూడండి. మూలల్లో నక్షత్రాల్లా మెరిస్తే అవే చిల్లులు. వెస్ట్ పాకెట్ కొడాకుకు సరిపోయే 127 రకం ఫిల్మును కొడాక్ కంపెనీ 1995లో చేయడం మానేసింది. కాబట్టి అది బొమ్మగా అలమరలో ఉంటుందే గాని, రోజువారీ వాడకానికి పనికిరాదు. ఇక మర తిప్పితే లోపల బిగువుగా తగిలి, రీలు ఉందనిపిస్తే మాత్రం తెరవకండి. ఎండలో పెట్టకండి, పొయ్యి దగ్గర ఉంచకండి. ఆ కాలపు ఫిల్ము కొన్ని రకాలు ఇట్టే అంటుకుంటాయి. పాత రీళ్లు కడగడం తెలిసిన వారి చేతికి ఉన్నదున్నట్టుగా ఇవ్వాలి. ఎన్నో ఏళ్ల కిందటి వెలుతురు అందులో అలాగే ఉండవచ్చు.

ఇది మేము ఊరికే అనడం లేదు. 1897లో ముగ్గురు స్వీడను దేశస్థులు బెలూనులో ఉత్తర ధ్రువానికి బయలుదేరి మంచులో చిక్కుకుని చనిపోయారు. 33 ఏళ్ల తర్వాత, 1930లో, వాళ్ల ఆఖరి మకాం ఒక దీవి మీద దొరికింది. మంచులో ఉండిపోయిన ఫిల్మును స్టాక్‌హోంలో జాగ్రత్తగా కడిగితే 93 బొమ్మలు దక్కాయి. చలి ఫిల్ముకు శత్రువు కాదు.

అందుకే ఒక వెస్ట్ పాకెట్ కొడాక్ కోసం జనం నేటికీ వెదుకుతున్నారు. ఆ కెమెరా యజమాని మన దక్షిణ దేశపు మిషను ఆసుపత్రి డాక్టరు.

ఆయన పేరు హోవార్డ్ సోమర్‌వెల్. 1890లో ఇంగ్లండులోని కెండాల్ పట్టణంలో చెప్పులు తయారుచేసే సంపన్న కుటుంబంలో పుట్టారు. యుద్ధంలో సైనిక వైద్యుడిగా ఫ్రాన్సు వెళ్లారు. 1916 జూలై 1న సోమ్ నది దగ్గర మొదలైన దాడిలో గాయపడిన వందల మంది ఆయన ఆసుపత్రి గుడారాల చుట్టూ పొలమంతా పడి ఉన్నారు. ఆపరేషను చేసే చేతులు కొన్నే. వారి మధ్య నడుస్తూ ఎవరిని ముందు తీసుకెళ్లాలో తామే ఎంచుకోవలసి వచ్చిందనీ, తనను ముందు చూడమని వారిలో ఒక్కరూ అడగలేదనీ ఆయన తర్వాత రాసుకున్నారు. యుద్ధమంటే ఆయనకు విరక్తి పుట్టింది అక్కడే.

కొండలెక్కడం ఆయనకు చిన్ననాటి నుండి ప్రీతి. 1922లో ఎవరెస్టు దండయాత్రకు ఎంపికయ్యారు. జూన్ 7న మంచు పెళ్లలు విరిగిపడి బరువులు మోసే ఏడుగురు చనిపోయారు. దొరలలో ఒక్కరూ పోలేదు. పోయినవారంతా ఈ కొండ ప్రజలే కావడం సోమర్‌వెల్ గారిని చాలాకాలం బాధించింది. తమలో ఒకరైనా వారితో ఆ మంచు కింద ఉండి ఉంటే, ఆ నష్టంలో తామూ పాలుపంచుకున్నామని మిగిలినవారికి తెలిసేది గదా అన్నంతగా ఆయన మనసు కలతపడింది.

కొండ దిగాక మన దేశం చూడాలని దక్షిణానికి వచ్చారు. అప్పటి తిరువాంకూరు రాజ్యంలో, నేటి కన్యాకుమారి జిల్లాలో, నాగర్‌కోయిలు దగ్గర నెయ్యూరు అనే ఊళ్లో లండన్ మిషను ఆసుపత్రి ఉంది. కడప, గుత్తి, జమ్మలమడుగు ప్రాంతాలవారికి లండన్ మిషను అంటే పరిచయం చేయనక్కర్లేదు. నెయ్యూరులో ఎదురుచూస్తున్న రోగులకు లెక్కలేదు. శస్త్రచికిత్స చేసే అర్హత గల డాక్టరు ఒక్కరే, ఆయనా అలసిపోయి ఉన్నారు. సోమర్‌వెల్ గారు సాయం పట్టారు. తర్వాత లండనులో తన కోసం ఎదురుచూస్తున్న మంచి ఉద్యోగాన్ని వదిలి నెయ్యూరుకే వచ్చేశారు. రెండు దశాబ్దాలకు పైగా అక్కడే ఉన్నారు. కడుపులో పుండ్లకు ఆపరేషను చేయడంలో ఆయనకు గొప్ప పేరు.

1924లో ఎవరెస్టు పిలుపు మళ్లీ వచ్చింది. నెయ్యూరు నుండే వెళ్లారు. జూన్ 4న ఆయన, నార్టన్ అనే సైనికాధికారి ఆక్సిజను సీసాలు లేకుండా శిఖరం వైపు బయలుదేరారు. 28,000 అడుగుల దగ్గర సోమర్‌వెల్ గారికి గొంతు మూసుకుపోయి ఊపిరి ఆడలేదు. తాను ఆగి, నార్టనును ముందుకు పొమ్మన్నారు. నార్టన్ 28,126 అడుగుల దాకా వెళ్లి ఇక సాధ్యం కాక తిరిగి వచ్చాడు. ఆ పైన, పలకల్లాంటి రాళ్ల మీద ఒంటరిగా నడుస్తున్న నార్టనును సోమర్‌వెల్ గారు తీసిన ఫోటో నేటికీ ఉంది. దిగే దారిలో గొంతు పూర్తిగా మూసుకుపోయి ఆయన చనిపోవడానికే కూర్చున్నారు. చివరి ప్రయత్నంగా రెండు చేతులతో రొమ్ము గట్టిగా నొక్కుకుంటే, చలికి చచ్చిపోయిన గొంతు లోపలి పొర ఊడి బయటపడింది. ఊపిరి వచ్చింది. నెయ్యూరు రోగుల అదృష్టం.

దిగివచ్చాక ఆయనకు జార్జి మాలరీ ఎదురయ్యారు. మాలరీ బడిపంతులు, 37 ఏళ్లవారు, సోమర్‌వెల్ గారికి ఆప్తమిత్రులు. ఆండ్రూ ఇర్విన్ అనే 22 ఏళ్ల కుర్రవాడితో కలిసి మరో ప్రయత్నానికి సిద్ధమవుతున్నారు. మాలరీ తన కెమెరా మరిచిపోయారని, తన వెస్ట్ పాకెట్ కొడాక్ ఆయన చేతికి ఇచ్చానని సోమర్‌వెల్ గారు తర్వాత చెప్పారు. జూన్ 8 మధ్యాహ్నం మబ్బులు క్షణకాలం విడినప్పుడు ఓడెల్ అనే సహచరుడు పైన గట్టు మీద రెండు చిన్న ఆకారాలు కదలడం చూశాడు. మబ్బు మళ్లీ మూసుకుంది. వాళ్లు తిరిగి రాలేదు.

ఆ దండయాత్రలో జాన్ నోయెల్ అనే ఛాయాగ్రాహకుడు సినిమా కెమెరాలు, దూరదృష్టి లెన్సులు, గుడారాలు, మనుషులు, సమస్తం వెంట తెచ్చుకున్నాడు. ఫోటోల హక్కుల కోసం ఏకంగా 8,000 పౌన్లు కట్టాడు. ఆయన లెన్సులకు మబ్బు అడ్డమైంది. శిఖరం దాకా వాళ్లు వెళ్లారా, లేదా? చెప్పగలిగింది కోటు జేబులోని ఆ 6 డాలర్ల పెట్టె ఒక్కటే.

75 ఏళ్లు గడిచాయి. 1999 మే 1న కాన్రాడ్ ఆంకర్ అనే అమెరికను 8,155 మీటర్ల ఎత్తున మంచులో పాలరాతి బొమ్మలా తెల్లబడిన ఒక దేహాన్ని కనుగొన్నాడు. వాళ్లు వెదుకుతున్నది ఇర్విన్ కోసం. కాని చొక్కా మెడపట్టీకి కుట్టిన గుడ్డముక్క మీద మాలరీ పేరు ఉంది. జేబుల్లో రుమాలులో చుట్టిన ఉత్తరాలు, చిన్న చాకు, ఎత్తు కొలిచే సాధనం, కళ్లద్దాలు దొరికాయి. భార్య రూత్ ఫోటోను శిఖరం మీద పెట్టి వస్తానని ఆయన మాట ఇచ్చినట్టు కుటుంబంవారు చెబుతారు; ఆ ఫోటో జేబులో లేదు. కెమెరా కూడా లేదు. అయితే అది ఇర్విన్ దగ్గర ఉండి ఉంటుందని చాలామంది ఊహించారు. ఆ చలిలో ఫిల్ము చెడకుండా ఉండవచ్చని, దొరికితే తెరవకుండా గడ్డకట్టిన స్థితిలోనే తీసుకురావాలని కొడాక్ నిపుణులు సలహా ఇచ్చి ఉన్నారు.

2024 సెప్టెంబరులో ఎవరెస్టు ఉత్తరాన హిమానీనదం మీద ఒక పాత బూటు బయటపడింది. లోపల పాదం, మేజోడు. మేజోడు మీద కుట్టిన ఎర్రటి అక్షరాల్లో ఏ. సి. ఇర్విన్ అని పేరు. ఇంట్లో బట్టలు కలిసిపోకుండా ఎవరో కుట్టిన అక్షరాలు వంద సంవత్సరాలు ఆగి, ఆ కుర్రవాడు ఎవరో చెప్పాయి. కెమెరా మాత్రం అక్కడ లేదు.

ఈలోగా 1953 మే 29న హిల్లరీ, టెన్సింగ్ శిఖరం మీద కాలు మోపారు. అక్కడ టెన్సింగు నిలబడి ఉండగా హిల్లరీ తీసిన ఫోటో ప్రపంచమంతా చూసింది. అది తీసిన కెమెరా కొడాక్ రెటినా. అదీ మడిచే రకమే, వెస్ట్ పాకెట్ వారి తర్వాతి తరం. హిల్లరీకి మాత్రం శిఖరం మీద ఫోటో లేదు.

ఆ సంవత్సరం సోమర్‌వెల్ గారు ఎక్కడున్నారో తెలుసా? మన పొరుగున, వేలూరులో. 1949 నుండి 1961 వరకు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రచికిత్స నేర్పారు. ఆ తర్వాత స్వదేశం వెళ్లి, 1975లో ఆంబుల్‌సైడ్‌లో కన్నుమూశారు. చిత్తూరు, నెల్లూరు, రాయలసీమ జిల్లాల నుండి ఆ రోజుల్లో రైలెక్కి, బస్సెక్కి వేలూరు వెళ్లి ఆపరేషను చేయించుకున్న మనవారు ఎందరో ఉన్నారు. మీ ఇళ్లలో అలాంటివారి జ్ఞాపకాలు గాని, వేలూరు ఆసుపత్రిలో ఆ ఏళ్లలో దిగిన ఫోటోలు గాని ఉంటే ఈ పేజీకి రాయండి. అసలు ఫోటో మీ దగ్గరే ఉంచుకుని నకలు పంపితే చాలు. ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో ఎడమ నుండి వరుసగా పేర్లు మాత్రం తప్పక రాయండి. పెన్సిలుతో మెల్లగా రాయండి, పెన్ను సిరా ముందుకు ఊరుతుంది.